పాయింట్లతో ఓడెక్కొచ్చా?



విశాఖపట్నం రేవులో పెద్ద ప్రయాణికుల ఓడ ఆగిందని పేపర్లలో ఫొటోలు పడుతున్నప్పటి నుంచి శ్రీకాకుళం జిల్లాలోని మా నిమ్మాడ చుట్టుపక్కల ఒక కొత్త ప్రశ్న బయల్దేరింది. పెళ్లి పందిట్లో అడుగుతున్నారు, కోటబొమ్మాళి బస్సులో అడుగుతున్నారు. ఒకాయనైతే సూటిగా అడిగేశాడు: "ఏటి మాస్టారూ, మావోడి కార్డు మీద పాయింట్లు శానా పడ్డాయంట. ఇంటిల్లిపాదీ ఆ పాయింట్లతోటే ఓడెక్కీవచ్చంట కదా, నిజవేనా?"

అబద్ధం కాదు. కాకపోతే అందులో నిజం ఎన్ని పైసలన్నది లెక్క కట్టి చూడాలి. ఈ ప్రసంగం ఆ లెక్క కోసమే. కాగితం, పెన్ను దగ్గర ఉంటే పెట్టుకోండి. లేకపోయినా ఫరవాలేదు, అంకెలు నేను రెండేసిసార్లు చెబుతాను.

ముందు ఓడ సంగతి. మన తీరంలో ఈ విహార ఓడల ముచ్చట 2022 జూన్‌లో మొదలైంది. కార్డీలియా అనే సంస్థవాళ్ల ఎంప్రెస్ అనే ఓడ విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు బయల్దేరింది. పదకొండు అంతస్తుల ఓడ. కొత్తదేమీ కాదు, 1990లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో నీళ్లలోకి దిగింది, అమెరికా వాళ్లను కరేబియన్ దీవులకు తిప్పి తిప్పి, చేతులు మారి మన దేశానికి వచ్చింది. పాతదైనంత మాత్రాన లోటేమీ లేదు. లోపల ఈతకొలను, సినిమా హాలు, పిల్లల ఆటల గది, కావాలంటే శాకాహారం, జైన భోజనం కూడా ఉన్నాయి. రైల్వేవాళ్ల ఐఆర్‌సీటీసీ 2021లోనే ఈ ఓడ టికెట్లు అమ్మడానికి ఒప్పందం చేసుకుంది. అంటే రైలు టికెట్టు కొన్న చోటే ఓడ టికెట్టూ దొరికే రోజులొచ్చాయి.

ఆ మొదటి ప్రయాణంలోనే ఒక చిక్కు వచ్చింది. ఓడలో జూదం ఆడించే గది ఉందని పుదుచ్చేరిలో అభ్యంతరం లేచింది. రేవుకు రానిచ్చేది లేదన్నారు. ప్రయాణికులు పుదుచ్చేరి వీధులు చూడకుండానే ముందుకు సాగిపోయారు. మూడేళ్లు గడిచాక, 2025 జూలైలో అదే ఓడకు అక్కడ స్వాగతం దొరికింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఓడ ప్రయాణంలో ఏ రేవులో దిగుతామన్నది ముందే రాసి ఇచ్చినా అది మారవచ్చు. గాలి మారినా మారుతుంది, అనుమతి రాకపోయినా మారుతుంది. టికెట్టు వెనక సన్న అక్షరాల్లో ఆ మాట రాసే ఉంటుంది. మనం చదవం.

విశాఖ రేవులో వీటికోసమే దాదాపు 96 కోట్ల రూపాయలతో క్రూయిజ్ టెర్మినల్ కట్టారు. 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో 'ది వరల్డ్' అనే విదేశీ ఓడ అక్కడికి వచ్చింది. దాని సంగతి సరదాగా ఉంటుంది. అందులో గదులు అద్దెకు కాదు, సొంతానికి కొనుక్కుంటారు. మనం పలాసలో డాబా ఇల్లు కొనుక్కున్నట్టు వాళ్లు ఓడలో ఫ్లాటు కొనుక్కుని ప్రపంచమంతా తిరుగుతారు. దానిమీదకు ఏ పాయింట్లూ ఎక్కించవు, ఆ ఆశ పెట్టుకోకండి.

ఇక పాయింట్ల లెక్కలోకి వద్దాం. అసలు కథ ఇక్కడుంది.

మనలో చాలామంది దగ్గరుండే బ్యాంకు కార్డుల్లో, వంద రూపాయలు ఖర్చు పెడితే ఒక పాయింటు పడుతుందని అనుకుందాం. ఆ ఒక్క పాయింటు విలువ పావలా. మళ్లీ చెబుతాను: వంద రూపాయలకు ఒక పాయింటు, ఒక పాయింటుకు 25 పైసలు. లక్ష రూపాయలు కార్డు గీస్తే వెయ్యి పాయింట్లు. వెయ్యి పాయింట్లంటే 250 రూపాయలు.

ఇప్పుడు భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఓడెక్కి రావడానికి అన్నీ కలిపి లక్ష అవుతుందనుకుందాం. ఇది నేను లెక్క కోసం వేసిన అంకె. అసలు ధర రోజుల్ని బట్టి, గదిని బట్టి మారుతుంది. ఆ లక్ష రూపాయల టికెట్టు పూర్తిగా పాయింట్లతోనే కావాలంటే 4 లక్షల పాయింట్లు ఉండాలి. 4 లక్షల పాయింట్లు రావాలంటే కార్డు మీద 4 కోట్ల రూపాయలు ఖర్చు పెట్టాలి. 4 కోట్లు! అంత ఖర్చు పెట్టగలిగినవాడు పాయింట్ల కోసం ఎందుకు చూస్తాడు చెప్పండి.

అలా కాదు, నెమ్మదిగా పోగేసుకుంటాం అంటారా? చూద్దాం. నెలకు 20 వేలు కార్డు మీద ఖర్చు పెట్టే సంసారం. ఏడాదికి 2 లక్షల 40 వేలు. 2,400 పాయింట్లు. 600 రూపాయలు. మూడేళ్లు ఓపిక పట్టారు, 7,200 పాయింట్లు, 1,800 రూపాయలు. నాలుగో ఏడు వస్తుంది. అక్కడ ఆగుతుంది కథ. ఎందుకంటే చాలా పాయింట్లకు రెండేళ్లో మూడేళ్లో ఆయుష్షు. మూడేళ్ల ఆయుష్షు ఉన్న పాయింట్లయితే నాలుగో ఏడు కొత్తవి 2,400 వస్తుంటే మొదటి ఏడువి 2,400 పోతుంటాయి. పదేళ్లు దాచినా, ముప్పై ఏళ్లు దాచినా ఆ సంసారం చేతిలో ఎప్పుడూ 1,800 రూపాయలకు మించి ఉండదు. మా అమ్మగారి తరం పోపుల డబ్బాలో పది రూపాయల నోట్లు దాచినా అంతకంటే ఎక్కువే అయ్యేవి.

ఆ 1,800 కూడా అంతా రాదు. పాయింట్లు మార్చుకోవడానికి చాలా కార్డులు రుసుం తీసుకుంటాయి. 99 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ. దగ్గరదగ్గర 117. ఏడాదికోసారి 600 రూపాయల పాయింట్లు మార్చుకునేవాడికి చేతికొచ్చేది 483. అందుకే ఊరికే తరచుగా మార్చుకోకూడదు, గడువు దాకా ఊరుకోకూడదు. ఆ రెంటి మధ్య ఒక రోజు చూసుకోవాలి.

ఇంకో తిరకాసు. ఒకే కార్డు, ఒకే పాయింటు, కానీ వాడే చోటును బట్టి విలువ మారే కార్డులున్నాయి. విమాన టికెట్టుకో హోటలుకో వాడితే 50 పైసలు, వాళ్ల జాబితాలోని కుక్కరో మిక్సీయో తీసుకుంటే 35 పైసలు, బిల్లులో తగ్గించమంటే 20 పైసలు. మన ఆడవాళ్లు కుక్కరు తీసుకుంటారు, ఎందుకంటే అది కంటికి కనిపిస్తుంది. వాళ్లను తప్పు పట్టను. కనిపించే వస్తువు ఇంటికి రావడంలో ఒక ధైర్యం ఉంది. కానీ అదే కుక్కరు టెక్కలి కొట్లో ఎంతకొస్తుందో ఒకసారి అడిగి తీసుకోండి.

పెద్ద కార్డులు లేవా అంటే ఉన్నాయి. ఖర్చులో ఒక శాతం, రెండు శాతం, కొన్ని చోట్ల అంతకంటే ఎక్కువ వెనక్కిచ్చేవి ఉన్నాయి. రెండు శాతం అనుకుంటే మన 2 లక్షల 40 వేల సంసారానికి ఏడాదికి 4,800 వస్తుంది. బాగానే ఉంది. ఆ కార్డుకు ఏటా కట్టే రుసుం తీసేసి చూడండి. ఇంటి అద్దె కడితే పాయింటు లేదు, డీజిలు కొట్టిస్తే లేదు, వాలెట్‌లో డబ్బు వేస్తే లేదు, ఇలా మినహాయింపుల జాబితా చాలా కార్డుల్లో చాంతాడంత ఉంటుంది. పైగా టికెట్టు మొత్తం పాయింట్లతో కొననివ్వరు. సగమో, 70 శాతమో పాయింట్లు, మిగతాది కార్డు మీద డబ్బు కట్టమనే నియమం పెట్టిన బ్యాంకులున్నాయి.

అసలు మన ప్రాంతంలో పాయింట్లు పడే ఖర్చు ఎంతుంది? ఇది నేను చాలాసార్లు ఆలోచించాను. ఉద్దానంలో కొబ్బరికాయలు అమ్మినవాడికి డబ్బు వస్తుంది, పాయింట్లు రావు. పలాసలో జీడిపిక్కలు కొట్టే అక్కచెల్లెళ్ల కూలి మీద పాయింట్లు లేవు. కొట్లో ఫోనుతో స్కాను చేసి బ్యాంకు ఖాతా నుంచి కడితే చాలావరకు ఏమీ లేదు, మహా అయితే గీకే బొమ్మ ఒకటి వస్తుంది, గీకితే మరోసారి ప్రయత్నించండి అని ఉంటుంది. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకోనిచ్చారు కాబట్టి అలా కలిపినవాళ్లకు కొంత పడుతోంది. పాయింట్లు గట్టిగా పడేది హైవే మీద. మన నిమ్మాడ మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారిలో గ్రానైటు రాళ్లు మోసే లారీలు, రొయ్యల లారీలు ఎన్ని తిరుగుతాయి! వాటి ఓనర్లకు ఆయిల్ కంపెనీలు ప్రత్యేకంగా కార్డులిస్తాయి. డీజిలు కొట్టించిన కొద్దీ పాయింట్లు. నెలకు లక్షల్లో డీజిలు పోయించే ఓనరుకు ఆ పాయింట్లతో ఇంటిల్లిపాదీ ఎక్కడికైనా వెళ్లొచ్చే వీలు కొంత ఉంటుంది. రాత్రంతా నిద్ర లేకుండా ఆ డీజిలు మండించిన డ్రైవరుకు వాటా ఎంతన్నది వేరే ప్రసంగం. ఆ ప్రసంగం ఎవరైనా చెయ్యాలి.

ఇంతకూ ఈ పాయింట్లంటే ఏమిటి? మనకు తెలిసిన కొసరే. కూరగాయలమ్మి తూకం అయ్యాక గుప్పెడు కొత్తిమీర వేస్తుంది చూడండి, అది. అయితే ఒక తేడా ఉంది. కూరగాయలమ్మి కొసరు మన సంచిలో పడుతుంది. ఇక్కడ కొసరు ఆమె బుట్టలోనే ఉంటుంది. ఇంత ఉంది నీ పేరున అని చెబుతుంది, అంతే. రేపు దాని విలువ సగమైందని ఆమె చెబితే మనం అవునా అని వినాలి.

ఈ ఆలోచన అమెరికాలో పుట్టింది. 1896లో స్పెర్రీ, హచిన్సన్ అనే ఇద్దరు దుకాణాలకు ఆకుపచ్చ స్టాంపులు అమ్మడం మొదలుపెట్టారు. సరుకు కొన్నవాళ్లకు దుకాణదారు ఆ స్టాంపులిచ్చేవాడు, వాటిని పుస్తకంలో అంటించి నింపి ఇస్తే సామాను వచ్చేది. మన ఇళ్లల్లో టీ పొట్లాం కవర్లు కత్తిరించి దాచి స్టీలు చెంచాలు తెచ్చుకున్న కాలం నాకు బాగా గుర్తు. 1981 మే నెలలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ విమానం ఎక్కిన మైళ్లకు లెక్క కట్టి బహుమానం ఇవ్వడం మొదలెట్టింది. అక్కడి నుంచి హోటళ్లు, కార్డులు, ఓడలు అందరూ అదే దారి.

ఆ మైళ్ల పుస్తకం ఎంత విలువైందో కరోనా వచ్చినప్పుడు బయటపడింది. 2020లో విమానాలు నేలకు దిగిపోయాయి, ఆదాయం లేదు. అప్పుడు యునైటెడ్ అనే కంపెనీ తన పాయింట్ల పథకాన్నే తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకుంది. ఆ వెనకే డెల్టా 900 కోట్ల డాలర్లు, 2021లో అమెరికన్ 1,000 కోట్ల డాలర్లు. విమానాలు కాదు సుమండీ, పాయింట్ల పథకం తాకట్టు! మనం పాయింట్లు దాచుకుంటున్నాం అనుకుంటాం. అక్కడ బ్యాంకులు కోట్లాది పాయింట్లు కంపెనీ దగ్గర డబ్బిచ్చి కొని తమ కార్డుదారులకు పంచుతాయి. ఆ రాబడిని నమ్మి అప్పులిచ్చేవాళ్లున్నారు. ఎవరూ అడగకుండా గడువు తీరిపోయిన పాయింట్లు కంపెనీకి మిగులు. మరిచిపోయేవాళ్లు కొందరుంటారన్న లెక్క ముందే వేసుకుంటారు.

మన దేశంలో సంగతి కూడా చూశాం. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ విమానాలు ఆగిపోయాయి. పాయింట్లు దాచుకున్నవాళ్లకు ఎక్కడానికి విమానం లేకుండా పోయింది. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగింది. దాని పాయింట్ల సంస్థ మాత్రం వేరే పేరుతో, ఇంటర్‌మైల్స్ అని, బతికి బట్టకట్టింది. విమానం పోయి మైళ్లు మిగిలాయన్నమాట. ఇప్పుడు కేంద్రంలో విమానయాన శాఖ చూస్తున్న మంత్రిగారి సొంతూరు మన నిమ్మాడే. ఈ మైళ్లు ఎప్పుడు పడతాయి, ఎప్పుడు పోతాయి అన్నది టికెట్టు మీదే పెద్ద అక్షరాల్లో రాయించే నియమం ఒకటి తెస్తే బాగుంటుందని ఊరివాళ్ల తరఫున నా కోరిక.

సముద్రం మీద ప్రయాణానికి ఎవరు డబ్బు పెట్టారు, ఎవరి పుస్తకంలో రాశారు అన్న ప్రశ్న మన తీరానికి కొత్త కాదు. మా తాతల కాలంలో ఈ టెక్కలి, సోంపేట ప్రాంతమంతా గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు విడిపోయి విశాఖ జిల్లాలో కలిసింది. ఆ గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వేలకు వేలమంది బర్మాలోని రంగూన్‌కు వెళ్లారు. బ్రిటిష్ ఇండియా కంపెనీ ఆవిరి ఓడలు కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల్లో జనాన్ని ఎక్కించుకునేవి. గదులు, మంచాలు లేవు. ఓడ పైతట్టు మీదే కూర్చోవడం, అక్కడే పడుకోవడం. రంగూన్ రేవులో బస్తాలు మోసింది మనవాళ్లే, బియ్యం మిల్లుల్లో పనిచేసింది మనవాళ్లే. 1930 మేలో ఆ రేవు కూలీలు జీతాల కోసం సమ్మె చేస్తే, అది పెద్ద అల్లర్లకు దారితీసి ఎంతోమంది తెలుగువాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక ఓడ దొరకనివాళ్లు కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు.

ఆ కూలీల్లో ఎక్కువమంది టికెట్టు కొనలేదు. కూలీలను పోగేసి తీసుకెళ్లే మేస్త్రీ కొనిచ్చాడు. ఉచితమే అనిపించేది ఎక్కేటప్పుడు. ఓడ దిగాక తెలిసేది, ఆ ఛార్జీ, దారి ఖర్చు, ఇంటికిచ్చిన బయానా అన్నీ మేస్త్రీ పుస్తకంలో ఉన్నాయని, కూలిలోంచి నెలనెలా కోస్తారని. పుస్తకం అతని చేతిలో, చదువు కూడా అతనికే వచ్చు. ఆ కష్టాన్ని ఈ విలాసంతో సమానం చేయడం నా ఉద్దేశం కాదు. పుస్తకం ఎవరి చేతిలో ఉంటే ధర వాళ్లు చెప్పినంత అవుతుందన్న ఒక్క సంగతి మాత్రం రెండు చోట్లా ఒకటే. క్రెడిట్ కార్డు విషయంలో ఇది మరీ నిజం. పాయింట్లు పడతాయని అవసరం లేనిది కొని, నెలాఖరుకు పూర్తి బిల్లు కట్టలేక కొంత మిగిల్చారనుకోండి, దానిమీద వడ్డీ చాలా కార్డుల్లో నెలకు మూడున్నర శాతం, లేదా ఆపైన. మూడున్నరంటేనే ఏడాదికి 42 శాతం. 10 వేలు మిగిలితే ఒక్క నెలకే 350 రూపాయల వడ్డీ. ఇందాకటి పావలా లెక్కలో ఆ 350 రూపాయల పాయింట్లు రావాలంటే 1 లక్షా 40 వేలు ఖర్చు పెట్టాలి. ఒక్క నెల అశ్రద్ధ ఏడు నెలల పాయింట్లను మింగేస్తుంది.

మన పిల్లలు అమెరికాలో ఉన్నారు కదా, వాళ్ల సంగతేమిటి అని కొందరు అడుగుతారు. నిజమే, అక్కడ లెక్క కొంచెం మెరుగు. హ్యూస్టన్, డాలస్‌లలో ఉన్న మన తెలుగు కుటుంబాలు గాల్వెస్టన్ రేవు నుంచి మెక్సికో వైపు ఓడల్లో వెళ్లొస్తుంటారు. కోడలి పురుటికి వెళ్లిన అమ్మానాన్నలను పిల్లలు సరదాగా తీసుకెళతారు. కార్నివాల్, రాయల్ కరేబియన్ లాంటి ఓడ కంపెనీల పేరుతోనే అక్కడ క్రెడిట్ కార్డులున్నాయి. సుమారుగా ఒక పాయింటుకు ఒక సెంటు. 10 వేల పాయింట్లు వంద డాలర్లు. కార్డు కొత్తగా తీసుకున్నప్పుడు ఒకేసారి ఇచ్చే పాయింట్లే పెద్దవి. వాటితో టికెట్టులో మంచి భాగం తగ్గుతుంది. అందుకే కొత్త కార్డు తీసుకుని, పాయింట్లు వాడుకుని, తరవాత ఇంకో కార్డుకు పోయే తెలివైన కుర్రాళ్లున్నారు. బాకీ మిగల్చకుండా చేయగలిగితే తప్పేమీ లేదు.

ఆ ఓడ కంపెనీల్లోనే ఇంకో రకం పాయింట్లుంటాయి, వాటితో పొరపడకండి. రాయల్ కరేబియన్ వాళ్ల సభ్యత్వంలో ఓడలో గడిపిన ఒక్కో రాత్రికి ఒక పాయింటు, పెద్ద గదిలో ఉంటే రెండు. ఇవి డబ్బు కావు, హోదా. హోదా పెరిగిన కొద్దీ కొన్ని రాయితీలు, ఒక ప్రత్యేకమైన కూర్చునే గది. 700 పాయింట్లు దాటితే ఒక ఉచిత ప్రయాణం ఇస్తారు. మామూలు గదిలోనైతే 700 రాత్రులు! దగ్గరదగ్గర రెండేళ్లు సముద్రం మీదే. మన ఉద్దానం నుంచి సరుకు ఓడల్లో పనికి వెళ్లిన కుర్రాళ్లు ఇంతకంటే ఎక్కువ రాత్రులు గడిపి ఉంటారు, వాళ్లకు ఏ హోదా ఇస్తారో మరి.

అమెరికా వెళ్లే పెద్దవాళ్లకు ఒక జాగ్రత్త. ఓడ వేరే దేశం రేవుకు వెళ్లి తిరిగి వస్తుంది కాబట్టి మీ వీసా ఎక్కువసార్లు ప్రవేశానికి ఇచ్చినదో కాదో పాస్‌పోర్టులో చూసి ఎక్కండి. అలాగే టికెట్టు పాయింట్లతో వచ్చినా రేవు పన్నులు, ఓడ సిబ్బందికిచ్చే బక్షీసు మిగిలే ఉంటాయి. బక్షీసు మనిషికి రోజుకు 15 నుంచి 20 డాలర్ల దాకా, పిల్లలకు కూడా వేస్తారు. నలుగురు వారం రోజులు తిరిగితే ఆ ఒక్కదానికే 400 డాలర్లు దాటుతుంది.

విశాఖ ఓడ దగ్గరా ఇంతే. ప్రకటనలో కనిపించే ధర లోపలి గదికి, అంటే కిటికీ లేని గదికి. సముద్రం కనిపించాలంటే ఇంకొంత, వసారా ఉన్న గదికి ఇంకా ఎక్కువ. దానిమీద జీఎస్టీ, రేవు ఛార్జీలు, సేవా రుసుం. భోజనం టికెట్టులో ఉంటుంది, మద్యం ఉండదు, ఇంటర్నెట్ ఉండదు. జూన్, జూలైల్లో బంగాళాఖాతం ఎలా ఉంటుందో మన భావనపాడు జాలర్లను అడగండి, చెబుతారు. కడుపులో తిప్పే మనుషులైతే మాత్ర ముందే వేసుకోవాలి.

ఇప్పుడు, పాయింట్లున్నవాళ్లు ఏం చెయ్యాలి? ముందు ఎన్ని ఉన్నాయో చూడండి. బ్యాంకు సొంత యాప్‌లోనో, నెలవారీ బిల్లు చివరనో ఉంటాయి. ఏ తేదీకి ఎన్ని పోతాయో పక్కనే రాసి ఉంటుంది. భర్త కార్డు పాయింట్లు, భార్య కార్డు పాయింట్లు మామూలుగా కలవవు. కొన్ని విమాన సంస్థలు మాత్రం ఇంటివాళ్లందరి మైళ్లూ ఒక ఖాతాలో కలుపుకోనిస్తాయి. ఓడ టికెట్టును నేరుగా పాయింట్లతో కొనే వీలు చాలా కార్డుల్లో లేదు. పాయింట్లను ప్రయాణాల కంపెనీ వోచరుగా మార్చుకుని, ఆ కంపెనీ ఓడ టికెట్లు అమ్ముతుంటే, ఆ వోచరు ఓడకు చెల్లుతుందంటే, అప్పుడు కొనాలి. ఇన్ని 'అయితే'లున్నాయి. వోచరుగా మార్చాక మళ్లీ పాయింట్లుగా మారవు, దాని గడువు ఏడాదో అంతకంటే తక్కువో. కాబట్టి ముందు ఫోను చేసి అడిగి, తరవాతే మార్చండి. కార్డు రద్దు చేసుకోవాలనుకునేవాళ్లు పాయింట్లు వాడేశాకే రద్దు చేసుకోండి.

నన్నడిగితే ఇంకా సులువైన దారి ఉంది. ఓడ జోలికి పాయింట్లను పోనివ్వకండి. పలాస నుంచి విశాఖ దాకా కారు పెట్రోలుకో, ఓడ ఎక్కే ముందు రాత్రి విశాఖలో బసకో, పిల్లలకు బట్టలకో ఆ పద్దెనిమిది వందలు వాడండి. అక్కడ వాటికి పూర్తి విలువ వస్తుంది. ఓడ టికెట్టుకు మాత్రం పోస్టాఫీసులో నెలనెలా ఆర్‌డీ కట్టండి. నెలకు రెండు వేలు కడితే అయిదేళ్ల గడువుకు అసలే 1 లక్షా 20 వేలు, పైన వడ్డీ. గడువు తీరితే డబ్బు పెరిగి వస్తుంది గాని పోదు.

చివరగా ఒక హెచ్చరిక, ఇది అన్నిటికంటే ముఖ్యం. మీ పాయింట్ల విలువ పదివేలకు కాస్త తక్కువ, ఈ రోజుతో గడువు అయిపోతోంది, వెంటనే ఈ యాప్ వేసుకుని తీసుకోండి అని ఫోనుకు సందేశాలు వస్తున్నాయి. స్టేట్ బ్యాంకు పేరు, బొమ్మ పెట్టి మరీ పంపుతున్నారు. తెలిసినవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోనే వస్తాయి, ఎందుకంటే ఆ తెలిసినవాడి ఫోను అప్పటికే దొంగల చేతిలో ఉంటుంది. ఆ సందేశంతో వచ్చేది పేరు చివర ఏపీకే అని ఉన్న ఫైలు. నొక్కి ఫోనులో వేసుకుంటే మీకొచ్చే ఓటీపీలు వాళ్లకు కనిపిస్తాయి, ఖాతా ఖాళీ అవుతుంది. అలాంటి లింకులు, ఫైళ్లు తాము పంపమని స్టేట్ బ్యాంకే చెప్పింది. కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం కూడా ఇది మోసమని ప్రకటించింది. లెక్క మీకిప్పుడు తెలుసు కదా. నెలకు 20 వేలు ఖర్చు పెట్టే సంసారానికి పదివేల రూపాయల పాయింట్లు ఎక్కడి నుంచి వస్తాయి? ఆ అంకె చూడగానే అబద్ధమని పట్టేయొచ్చు.

ఒకవేళ పొరపాటున నొక్కేస్తే సిగ్గుపడి ఊరుకోకండి, కొడుకు తిడతాడని దాచకండి. వెంటనే 1930కి ఫోను చెయ్యండి. ఒకటి, తొమ్మిది, మూడు, సున్నా. డబ్బు దొంగల ఖాతాలోంచి ఇంకో ఖాతాకు మారిపోయేలోపు చెబితే ఆపగలిగే అవకాశం ఉంటుంది. ఆ తరవాత మీ బ్యాంకుకు చెప్పి కార్డు, నెట్ బ్యాంకింగు ఆపించండి.

ఓడ ఏ తేదీల్లో వస్తుందో ప్రతి ఏడూ మారుతోంది, వేసవి దాటాక కొన్ని వారాలే ఉంటోంది. తేదీలు ఖాయమై, టికెట్టు చేతికొచ్చి, మీ పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే అందులో ఉన్నాయని చూసుకునే దాకా పిల్లలకు మాత్రం చెప్పకండి.